కొండ కరిగింది... నలుసు మిగిలింది!

బ్రెజిల్‌లోని మీనస్ జెరైస్ రాష్ట్రంలో ఇటబీరా అని ఒక ఊరుంది. ఆ ఊరికి ఒకప్పుడు గుర్తు కవే అనే శిఖరం. ఊళ్లో ఎక్కడ నిలబడ్డా కనిపించేది. ఇప్పుడు అక్కడ శిఖరం లేదు, పెద్ద గొయ్యి ఉంది. కొండంతా ఇనుప ఖనిజమే కావడంతో తవ్వి, రైలెక్కించి, ఓడలెక్కించి, దేశదేశాలకు పంపేశారు. పోర్చుగీసు భాషలో గొప్ప కవిగా పేరున్న కార్లోస్ డ్రమ్మండ్ డి ఆండ్రడే పుట్టింది (1902) ఆ ఊళ్లోనే. ఆయన బతికుండగానే కొండ తరిగిపోయింది.

ఆ కొండలోంచి వచ్చిన ఒక నలుసు గురించి ఈ కథనం. నలుసు అంటే నిజంగా నలుసే. కంట్లో పడితే నలుపుకుంటాం తప్ప చూడలేం. ఒక్కో రేణువు తల వెంట్రుక మందం ఉంటే గొప్ప. దాని పేరు జకుటింగైట్. రెండు వంతుల ప్లాటినం, ఒక వంతు పాదరసం, మూడు వంతుల సెలీనియం కలిసిన ఖనిజం. పదేళ్ల పాటు దీన్ని పట్టించుకున్నవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద ఓ బస్సుకి సరిపోయేంత మంది ఉంటారేమో. 2018 నుంచి మాత్రం క్వాంటమ్ ఫిజిక్స్ ల్యాబుల్లో ఇదో సెలబ్రిటీ.

మధ్యలో ఏం జరిగిందన్నదే నాకు ఆసక్తి. నేను జియాలజీ చదివినదాన్ని. "సాఫ్ట్‌వేర్‌కి వెళ్లక ఈ రాళ్ల చదువేంటమ్మా" అని మా మేనమామ ప్రతి పండక్కీ అడిగేవాడు. నాకు అప్పట్లో సరైన జవాబు తోచేది కాదు. జకుటింగైట్ గురించి చదివాక ఒకటి దొరికింది. అయితే అది కాస్త పొడవాటి జవాబు.

చంద్రుడి పేరున్న మూలకం

ముందు సెలీనైడ్ అంటే ఏంటో చూద్దాం. సెలీనియం అనే మూలకం ఏదో ఒక లోహంతో జట్టు కడితే వచ్చేదే సెలీనైడ్. సెలీనియాన్ని 1817లో స్వీడన్‌లో బెర్జీలియస్ కనిపెట్టాడు. సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారుచేసే చోట అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిలో దొరికింది. మొదట టెల్లూరియం అనుకున్నారు. లాటిన్‌లో టెల్లస్ అంటే భూమి. తీరా చూస్తే అది వేరే మూలకం. భూమి పేరున్నదానికి తోబుట్టువు లాంటిది కదా అని గ్రీకుల చంద్ర దేవత సెలీనీ పేరు పెట్టాడు. పేరు వెన్నెలే కానీ, కాలిస్తే మాత్రం కుళ్లిన ముల్లంగి వాసన!

ఆవర్తన పట్టికలో సెలీనియం స్థానం సరిగ్గా గంధకం కింద. ఇద్దరూ అన్నదమ్ముల్లాంటివాళ్లు, గుణాలు కూడా దగ్గరే. చిక్కేంటంటే భూమిలో గంధకం బోలెడంత ఉంది, సెలీనియం ఏమో టన్ను రాతికి కొన్ని పదుల మిల్లీగ్రాములు. అందుకే లోహం ఎక్కడ కనిపించినా ముందు పెద్దన్న గంధకమే ఎగరేసుకుపోతాడు. రాగి, సీసం, జింకు... అన్నీ ఎక్కువగా సల్ఫైడ్లుగా దొరకడానికి కారణం అదే. తమ్ముడు సెలీనియం అన్న ఇంట్లోనే ఓ మూల సర్దుకుంటాడు, సల్ఫైడ్ ఖనిజాల్లో కల్తీ లాగా.

మరి సెలీనియానికి సొంతిల్లు ఎప్పుడు దొరుకుతుంది? అన్న రంగంలోంచి తప్పుకున్నప్పుడు. ఆక్సిజన్ ప్రభావం గట్టిగా ఉన్న చోట గంధకం ఆక్సిజన్‌తో కలిసి సల్ఫేట్‌గా మారిపోతుంది. ఇక లోహాలతో దానికి పని ఉండదు. సెలీనియం అంత తేలిగ్గా ఆక్సిజన్‌కి లొంగదు. అలా లోహాలన్నీ దానికి మిగులుతాయి.

ఇటబీరా కొండ సరిగ్గా అలాంటి చోటు. అక్కడున్న రాయి హెమటైట్. ఒక రకంగా చెప్పాలంటే పేద్ద తుప్పు ముద్ద. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున ఇనుము, సిలికా పొరలు పొరలుగా పేరుకుని తయారైన రాళ్లవి. అరకు రైలెక్కినవాళ్లు ఎర్రటి ఖనిజం నింపుకుని బైలదిల్లా నుంచి విశాఖ రేవుకి వచ్చే గూడ్సు బండ్లు చూసే ఉంటారు కదా, అదీ ఇదే జాతి రాయి. (బైలదిల్లా అంటే ఎద్దు మూపురం. ఆ కొండల ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు.)

ఆ ఇనుప రాళ్ల పగుళ్లలోకి తర్వాత ఎప్పుడో వేడి ఉప్పునీళ్లు ఎక్కాయి. మామూలు నీళ్లకి ప్లాటినం కరగదు. కానీ ఉప్పు బాగా ఉండి, ఆక్సిజన్ ప్రభావం కూడా తోడైతే ప్లాటినం, పల్లాడియం, బంగారం క్లోరైడ్ల రూపంలో నీళ్లతో పాటు ప్రయాణం చేస్తాయి. పరిస్థితి మారిన చోట దిగిపోతాయి. ప్లాటినం అనగానే భూగర్భం లోతుల్లో మరిగే శిలాద్రవం గుర్తొస్తుంది చాలామందికి. దక్షిణాఫ్రికా గనుల కథ అలాంటిదే. ఇక్కడ అదేం లేదు. తక్కువ వేడిలోనే, నీటి దారిలోనే ప్లాటినం పోగుపడింది. పక్కనే పాదరసం, సెలీనియం కూడా ఉన్నాయి. ఈ మూడింటిలో ఏది తీసుకున్నా మామూలు రాతిలో టన్నుకి మిల్లీగ్రాముల లెక్కలోనే ఉంటుంది. ముగ్గురూ ఒకే పగుల్లో, సరైన పాళ్లలో కలుసుకోవాలి, గంధకం అడ్డు రాకూడదు. అరుదైన ఖనిజం అంటే ఇదీ అర్థం. నిధి లాగా ఎవరో దాచడం కాదు, ఇన్ని కుదరడం కష్టం.

అలాంటి బంగారపు హెమటైట్ సిరలని అక్కడి గని పనివాళ్లు ‘జకుటింగా’ అనేవాళ్లు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలుండే ఒక అడవి పక్షికి ఆ పేరు. ఖనిజం పొడి కూడా అలాగే నల్లగా తళుకులతో ఉంటుందని పేరు అంటుకుందని చెబుతారు. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఆ రాష్ట్రంలో జకుటింగా కోసం చేసిన తవ్వకాల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చెమట చాలా ఉంది. అక్కడికి వచ్చిన బ్రిటిష్ కంపెనీలూ బానిసలతోనే పని చేయించాయి. అప్పుడు అందరి కళ్లూ బంగారం మీదే.

1942లో, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, కళ్లు ఇనుము మీద పడ్డాయి. మిత్రదేశాలకి ఉక్కు కావాలి. బ్రిటన్ చేతిలో ఉన్న ఇటబీరా గనులు బ్రెజిల్‌కి వచ్చాయి. అమెరికా అప్పు ఇచ్చింది. బ్రెజిల్ ప్రభుత్వం ఒక కంపెనీ పెట్టింది. ఈరోజు ప్రపంచంలోని అతి పెద్ద గనుల కంపెనీల్లో ఒకటైన ‘వాలె’ అదే. కవే శిఖరం రైలు బండ్లలో తీరానికి దిగడం అలా మొదలైంది.

కొటేషన్ గుర్తుల మధ్య ఒక ఫార్ములా

2008లో అలెగ్జాండర్ కబ్రాల్ అనే ఖనిజ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఇటబీరాలో తక్కువ ఉష్ణోగ్రతల్లో ప్లాటినం ఎలా పోగుపడిందన్నది విషయం. ఆ పత్రం శీర్షికలోనే ప్లాటినం, పాదరసం, సెలీనియం కలిసిన ఫార్ములా ఒకటి కొటేషన్ గుర్తుల మధ్య ఉంది. నాకు ఆ గుర్తులంటే భలే ఇష్టం. "మాకు కొలతల్లో ఇలా కనిపించింది, కానీ దీన్ని ఇంకా ఖనిజం అని పిలిచే హక్కు మాకు లేదు" అని దాని అర్థం.

ఎందుకంటే కొత్త ఖనిజం అని ప్రకటించడం ఇన్‌స్టాలో స్టోరీ పెట్టినంత ఈజీ కాదు. అంతర్జాతీయ సంఘం ఒకటుంది, అది ఒప్పుకోవాలి. అందులో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో చెబితే చాలదు. పరమాణువులు లోపల ఏ వరసలో కూర్చున్నాయో కూడా చూపించాలి. ఇక్కడే చిక్కొచ్చింది. దొరికినవి నలుసులు. అవీ పల్లాడియం, పాదరసం ఉన్న వేరే ఖనిజాలతో, హెమటైట్‌తో అతుక్కుని ఉన్నాయి. ఒక లెక్క చెప్తాను. అర మిల్లీమీటర్‌లో పదో వంతు, అంటే 50 మైక్రాన్ల సైజు రేణువులు పది లక్షలు పోగేసినా బరువు గ్రాము దాటి కాస్త ఉంటుంది, అంతే. అదీ సీసానికి దగ్గరగా బరువు తూగే పదార్థం కాబట్టి.

అందుకని వాళ్లు ఏం చేశారంటే, అదే పాళ్లలో మూడు మూలకాలూ తీసుకుని, గాలి తీసేసిన గాజు గొట్టంలో మూసి, వేడిచేసి, ల్యాబులోనే జకుటింగైట్‌ని తయారుచేశారు. దాని లోపలి నిర్మాణం తేల్చి, సహజమైన నలుసు కూడా అదేనని సరిపోల్చి చూపించారు. ఈ పనికి ముందు నిలిచిన శాస్త్రవేత్త అనా విమజలోవా, చెక్ దేశస్థురాలు. 2012లో పూర్తి వివరణ అచ్చయింది. బూడిద రంగు, లోహపు మెరుపు, వెలుతురు దూరదు, పెళుసు, మెత్తన (రాగి నాణేనికి దగ్గరగా, గాజు కన్నా తక్కువ). ఒక దిశలో చక్కగా పొరలుగా చీలుతుంది.

ఆఖరి వాక్యం ఇంకోసారి చదవండి. పొరలుగా చీలుతుంది. అప్పట్లో అదో మామూలు లక్షణం. వివరణల్లో ‘క్లీవేజ్’ అనే గడిలో నింపే మాట, అంతే. ఆ కొలతలు స్ఫటికాల డేటాబేసుల్లోకి చేరాయి. లక్షకు పైగా ఎంట్రీల మధ్య ఒక ఎంట్రీ. దీనితో డబ్బులొస్తాయని ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఫిల్టర్ పెట్టి వెతికారు

ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌కి వెళ్దాం. అక్కడి టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో నికోలా మర్జారి బృందం వేరే వేటలో ఉంది. గ్రాఫైట్ మీద సెల్లోటేపు అంటించి లాగితే ఒక్క పరమాణువు మందం ఉన్న గ్రాఫీన్ వచ్చింది, దానికి 2010లో నోబెల్ కూడా వచ్చింది. ఈ సంగతి మీకు తెలిసిందే. అలా ఊడొచ్చే పదార్థాలు ఇంకెన్ని ఉన్నాయి? ఒక్కొక్కటీ టేపుతో లాగి చూడటానికి జీవితం చాలదు. అందుకే వాళ్లు డేటాబేసుల్లోని 1,08,423 పదార్థాలని కంప్యూటర్‌కి అప్పజెప్పారు. షాపింగ్ యాప్‌లో ఫిల్టర్లు పెట్టినట్టే. పొరలున్నవి చూపించు అంటే 5,619 మిగిలాయి. ఆ పొరలు ఊడదీయడానికి వీలైనవేవి అని లెక్కేస్తే 1,825. ఫలితాలు 2018లో బయటికొచ్చాయి.

ఆ జాబితాలో మన బ్రెజిల్ నలుసు కూడా ఉంది. దాని ఒక్క పొరలో ఎలక్ట్రాన్లు ఎలా నడుస్తాయో లెక్కగట్టిన అంతిమో మర్రాజ్జో, మర్జారి, వాళ్ల సహచరులు అదే ఏడాది ఇంకో పత్రం రాశారు. ఇది ‘క్వాంటమ్ స్పిన్ హాల్ ఇన్సులేటర్’ కావాలి అని.

పేరు చూసి స్క్రోల్ చేసేయకండి. విషయం అంత కష్టమైంది కాదు.

మామూలు తీగలో ఎలక్ట్రాన్లు సంతలో జనంలా పోతాయి. అడ్డొచ్చినవాళ్లని గుద్దుకుంటూ, వెనక్కి తిరుగుతూ, మళ్లీ ముందుకు. ఆ గుద్దులాటే వేడి. మీ ఫోన్ వేడెక్కడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఇక ఈ రకం ఇన్సులేటర్ పొర మధ్యలో కరెంటు పారదు, కానీ అంచుల వెంబడి పారుతుంది. ఆ అంచున ఎలక్ట్రాన్లకి ట్రాఫిక్ రూల్ ఒకటుంది. స్పిన్ పైకి ఉన్నవి ఒక వైపే వెళ్లాలి, కిందికి ఉన్నవి రెండో వైపే వెళ్లాలి. డివైడర్ ఉన్న డబుల్ రోడ్డు అనుకోండి. యూటర్న్ కొట్టాలంటే స్పిన్ తిరగబడాలి. దారిలో చిన్నాచితకా గుంటలు ఉన్నా, అయస్కాంత గుణం లేకపోతే ఆ పని చేయలేవు. అందుకని ఎలక్ట్రాన్ వెనక్కి తిరగకుండా ముందుకే పోతుంది. (ఇది సూపర్ కండక్టర్ కాదు, రెండూ ఒకటే అని చెప్పే వీడియోలు నమ్మకండి.)

ఈ ఆలోచనని 2005లో అమెరికాలో చార్లెస్ కేన్, యూజీన్ మేలే గ్రాఫీన్‌ని ఉదాహరణగా తీసుకుని చెప్పారు. తేనెపట్టు గడుల్లా అమరిన పరమాణువులుంటే ఇలా జరుగుతుంది అని. సిద్ధాంతం బ్రహ్మాండం. కానీ గ్రాఫీన్‌లో ఉండేది కార్బన్, తేలికైన మూలకం. ఎలక్ట్రాన్ స్పిన్‌నీ దాని నడకనీ ముడివేసే శక్తి పరమాణువు బరువెక్కే కొద్దీ పెరుగుతుంది. కార్బన్‌లో ఆ ముడి ఎంత వదులంటే, కాస్త వేడి తగిలినా ఊడిపోతుంది. 2007లో జర్మనీ శాస్త్రవేత్తలు పాదరసం, టెల్లూరియం కలిసిన పలుచటి పొరలో ఈ ప్రభావాన్ని నిజంగా చూపించారు. అయితే గడ్డకట్టే చలి అనే మాట కూడా చాలని చలిలో, పరమ శూన్య ఉష్ణోగ్రతకి కొద్ది డిగ్రీల దూరంలో.

జకుటింగైట్‌లో పాదరసం పరమాణువులు తేనెపట్టు గడుల్లోనే అమరి ఉంటాయి. చుట్టూ ప్లాటినం, సెలీనియం. పాదరసం, ప్లాటినం రెండూ బరువైనవే. అంటే కేన్, మేలే కాగితం మీద గీసిన బొమ్మకి కార్బన్ బదులు పాదరసం పెట్టి ప్రకృతి ఎప్పుడో చేసి ఉంచింది. ముడి బిగువుని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. మన గదిలో ఉండే వేడి విలువ దాదాపు 0.025. లోజాన్ లెక్క ప్రకారం జకుటింగైట్ ఒంటి పొరలో ముడి బిగువు సుమారు 0.5. అంటే ఇరవై రెట్లు. ఇంకో విశేషం కూడా ఉంది. ఆ గడులు చదునుగా ఉండవు, ఒక పాదరసం పైకి, పక్కది కిందికి. దానివల్ల పై నుంచి విద్యుత్ క్షేత్రం పెడితే ఈ గుణాన్ని ఆపొచ్చు, మళ్లీ రప్పించొచ్చు. అదే స్విచ్. ట్రాన్సిస్టర్ వాళ్లకి కావాల్సింది అదే.

లెక్క సరే, నిజంగా ఉందా? 2020లో హంగరీ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో ఒక బృందం ల్యాబులో పెంచిన జకుటింగైట్ స్ఫటికాన్ని స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ముడి బిగువు 0.1 ఎలక్ట్రాన్ వోల్టుకి పైనే అని కొలిచారు. లెక్కలో చెప్పినంత లేదు, కానీ గది వేడికి నాలుగింతలు. పొర అంచున మాత్రమే కనిపించాల్సిన ఎలక్ట్రాన్ల జాడ కూడా దొరికింది. గాలి తగిలినా పాడవలేదు. ఇలాంటి పదార్థాలు కొన్ని గాలి సోకగానే చెడిపోతాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఊడదీస్తూ రెండు పొరల దాకా వెళ్లగలిగారు.

ఇక్కడ నా మాట ఒకటి. "రేపటి చిప్పులన్నీ దీంతోనే" అనే హెడ్‌లైన్ మీకెక్కడైనా కనిపిస్తే కాస్త ఆగండి. బరువులో దాదాపు సగం ప్లాటినం ఉన్న పదార్థం ఇది. పాతిక శాతం దాకా పాదరసం. ఒకటేమో ఖరీదు, ఇంకోటి విషం. గనుల్లోంచి తీయడమన్న మాటే లేదు, పరిశోధనకి వాడేదంతా ల్యాబులో చేసుకున్నదే. ఒక స్విచ్ పనిచేయడానికీ, కోట్ల స్విచ్చులున్న చిప్పు ఫ్యాక్టరీలోంచి బయటికి రావడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. నాకు తెలిసి దీని అసలు విలువ అది కాదు. పదమూడేళ్లుగా కాగితం మీదే ఉన్న ఒక సిద్ధాంతానికి, చేత్తో పట్టుకుని పరీక్షించుకోగల వస్తువు దొరికింది. ఆ పరీక్షల్లో తేలింది ఇంకా చవకైన, విషం లేని పదార్థాల్ని వెతికేవాళ్లకి పనికొస్తుంది.

మా మేనమామకి నేను ఈ కథ మొన్న ఉగాదికి చెప్పాను. అంతా విని, "ఆ కొండ మొత్తం అమ్మేశాక గానీ దాన్లో ఏముందో చూడలేదన్నమాట" అన్నాడు. రాళ్ల చదువు గురించి మాత్రం ఏమీ అనలేదు.

ఆయన అన్నదాంట్లో కొంత సవరించాలి. చూసినవాళ్లు ఉన్నారు. ఇనుము పోగా మిగిలిన బరువైన మట్టిని దాచిపెట్టి, భూతద్దం కింద ఒక్కో రేణువునీ తిప్పి చూసి, పేరు లేని దాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, నాలుగేళ్లు ఆగి నిర్మాణం తేల్చి, జాబితాలో రాసినవాళ్లు. 2012లో ఆ ఎంట్రీ పడకపోయి ఉంటే లోజాన్ కంప్యూటర్ ఎంత గొప్పదైనా దాన్ని పట్టుకోలేకపోయేది. లేని పేజీని ఏ సెర్చీ చూపించదు కదా.

లోజాన్ వాళ్ల పొరల జాబితా అందరికీ ఉచితంగానే ఉంది. ‘మెటీరియల్స్ క్లౌడ్’ అనే సైటులో. రెండు డైమెన్షన్ల పదార్థాల విభాగంలోకి వెళ్లి ప్లాటినం, పాదరసం, సెలీనియం మూడూ ఎంచుకోండి. వచ్చిన బొమ్మని వేలితో తిప్పి పక్క నుంచి చూస్తే, పాదరసం గుండ్లు ఒకటి పైకీ ఒకటి కిందికీ కనిపిస్తాయి.